అపలాచియన్ ట్రయిల్‌పై రాత్రి బస: షెల్టర్, టెంటు, హాస్టల్, మోటెల్‌లలో ఎవరికి ఏది నప్పుతుంది?

అమెరికా తూర్పు కొండల మీదుగా, జార్జియాలోని స్ప్రింగర్ పర్వతం నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాల గుండా సాగే అపలాచియన్ ట్రయిల్ పొడవు సుమారు 2,200 మైళ్లు, అంటే 3,500 కిలోమీటర్ల పైచిలుకు. దారి మొత్తాన్నీ ఒకే ఏడాదిలో నడవాలని బయలుదేరేవారికి, అంటే త్రూహైకర్లకు, ఐదు నుంచి ఏడు నెలలు పడుతుంది. అలా బయలుదేరినవారిలో నాలుగో వంతు మందే చివరిదాకా చేరుకుంటారని దారి సంరక్షణ చూసే అపలాచియన్ ట్రయిల్ కన్సర్వెన్సీ చెబుతుంది. ఏ బూట్లు కొనాలి, సంచి ఎంత బరువుండాలి అన్న చర్చ ఎక్కడైనా దొరుకుతుంది. దారిలో ప్రతి మధ్యాహ్నం ఎదురయ్యే ప్రశ్న మాత్రం వేరు: ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి?

ఈ ప్రశ్న త్రూహైకర్లది మాత్రమే కాదు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోని ఎడిసన్, వర్జీనియాలోని యాష్‌బర్న్, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమింగ్, ఈ మూడు చోట్ల నుంచీ ట్రయిల్ కారులో రెండు గంటల లోపే ఉంటుంది. రెండు మూడు రోజుల నడకకు వెళ్లేవారూ, రెండు వారాల సెలవు పెట్టి ఒక ముక్క నడిచేవారూ ఇదే తేల్చుకోవాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. నిద్ర కోసమైతే టెంటు మేలు. తడిసినవి ఆరబెట్టుకోవడానికి, ఒళ్లు కడుక్కోవడానికి, తిండి సమకూర్చుకోవడానికి హాస్టల్, అంటే దారి దగ్గర్లో నడిచేవారికి చవకగా పడక ఇచ్చే వసతి, మేలు. షెల్టర్ చెడ్డ వాతావరణంలో ఆదుకుంటుంది. హాస్టల్‌కు నిద్ర కోసం వెళ్లేవారు సాధారణంగా నిరాశపడతారు.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు చూడవలసింది తడి. వసంతకాలంలో దక్షిణ అపలాచియన్ కొండల్లో రెండు మూడు రోజులు ఆగకుండా వాన కురవడం మామూలే. గడ్డకట్టే చలి కంటే, నాలుగైదు డిగ్రీల సెల్సియస్ దగ్గర కురిసే వానే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే బట్టలూ స్లీపింగ్ బ్యాగూ రెండూ తడిస్తే శరీరం వేడిని నిలుపుకోలేదు. అందుకని ఏ బస గురించైనా మొదట అడగవలసింది, అక్కడ సామాను ఆరుతుందా లేదా అని.

రెండోది నిద్ర: గురకలు, అర్ధరాత్రి వచ్చేవారి హెడ్‌ల్యాంపు వెలుగు, నేల ఎగుడుదిగుడులు. మూడోది ఆరోగ్యం. ఈ దారిలో నడకను మధ్యలో ఆపించే జబ్బుల్లో నోరోవైరస్ వల్ల వచ్చే వాంతులు, విరేచనాలు ముఖ్యమైనవి. ఇది నలుగురు కలిసి తిని, పడుకుని, ఒకే మరుగుదొడ్డి వాడే చోట్ల వేగంగా పాకుతుంది. ఆల్కహాల్ జెల్ దీన్ని సరిగా చంపదు కాబట్టి సబ్బూ నీళ్లూ ఉన్న బసకు ఆ మేరకు విలువ ఎక్కువ.

నాలుగోది ఖర్చు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. పడక ధర చూస్తారు గానీ ఊళ్లో అడుగుపెట్టినందుకు అయ్యే ఖర్చును చూడరు. పడకకు 40 డాలర్లు, బట్టలు ఉతకడానికి 5 నుంచి 10, రోడ్డు నుంచి తీసుకెళ్లి మళ్లీ దింపే షటిల్‌కు కొంత, ఆకలి మీద రెండు పూటల హోటల్ భోజనం కలిస్తే ఒక రాత్రికి దగ్గరదగ్గర 100 డాలర్లు అవుతుంది. ఆరు నెలల్లో ఐదు రోజులకొకసారి ఇలా ఆగితే 3,600 డాలర్లు. అడవిలో పడుకున్న రాత్రులన్నిటికీ కలిపినా దీనిలో కొద్ది వంతైనా కాదు.

చివరిది అంకెల్లో పెట్టలేనిది. ఆ బసను వదిలి మర్నాడు పొద్దున్న ఎంత తేలికగా కదలగలరు? వెచ్చని గది, సోఫా, కబుర్లు, బయట వాన ఉంటే ఒక రాత్రి బస మూడు రాత్రులవుతుంది. నడక లేకుండా ఊళ్లో గడిపే రోజును హైకర్లు జీరో అంటారు. సెలవు లెక్కపెట్టుకుని వచ్చినవారికి ఒక్కో జీరో చాలా ఖరీదైనది.

## షెల్టర్

దారి పొడవునా 250కి పైగా షెల్టర్లు ఉన్నాయి. సగటున ఎనిమిది మైళ్లకొకటి వస్తుంది. ఎక్కువ భాగం కర్ర దుంగలతోనో రాతితోనో కట్టినవి: మూడు వైపుల గోడలు, పైన కప్పు, ముందు వైపు పూర్తిగా తెరిచి, లోపల నేలకు అడుగున్నర ఎత్తున చెక్క అరుగు. మామూలుగా ఆరు నుంచి పన్నెండు మంది పక్కపక్కన పడుకోగలరు. దగ్గర్లో నీటి ఊటో వాగో, కొంచెం దూరంలో ప్రివీ అనే గుంత మరుగుదొడ్డి ఉంటాయి. చాలా చోట్ల రుసుము లేదు, రిజర్వేషన్ లేదు, ముందు వచ్చినవారిదే చోటు.

చూరు నుంచి వేలాడే సన్నటి తాళ్లకు మధ్యలో బోర్లించిన ఖాళీ డబ్బా, కింద ఒక పుల్ల కట్టి ఉంటాయి. సంచి ఆ పుల్లకు తగిలిస్తారు. ఎలుక తాడు పట్టుకుని దిగి వచ్చినా డబ్బా అంచు దాటలేదు. ఆ తాళ్లను చూస్తే చాలు, రాత్రి మీతో పాటు అక్కడ ఎవరుంటారో తెలిసిపోతుంది. ఎలుకలు తిండి వాసన ఉన్న జేబును బయటి నుంచే కొరికి లోపలికి వెళతాయి కనుక, సంచి జిప్పులన్నీ తెరిచి ఉంచడం పాతవారి అలవాటు. తిండిని మాత్రం అక్కడ వేలాడదీయకూడదు. ఎలుగుబంట్ల వల్ల దాన్ని షెల్టర్‌కు దూరంగా, అక్కడ ఏర్పాటు చేసిన ఇనుప పెట్టెలోనో తీగల మీదనో, లేదంటే సొంత బేర్ కానిస్టర్‌లోనో, అంటే ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలోనో, ఉంచాలి. జార్జియాలో జరార్డ్ గ్యాప్ అనే కనుమ నుంచి నీల్ గ్యాప్ దాకా ఉన్న ఐదు మైళ్లలో మార్చి 1 నుంచి జూన్ 1 మధ్య రాత్రి ఆగేవారికి ఆ కానిస్టర్ తప్పనిసరి.

షెల్టర్‌కున్న గొప్ప లాభం, వానలో టెంటు వేయనక్కర్లేదు, పొద్దున్నే తడి టెంటు మడవనక్కర్లేదు. గొప్ప నష్టం, తలుపు లేదు. ముందు వైపు నుంచి గాలీ దోమలూ వస్తాయి, తడి బట్టలు తీగ మీద రాత్రంతా ఉన్నా తడిగానే ఉంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో జార్జియా, నార్త్ కరోలినా ప్రాంతాల్లో జనం ఎక్కువ కావడంతో సాయంత్రానికి చోటు దొరకడం కష్టం. రాత్రి తొమ్మిదింటికే అందరూ పడుకోవాలన్నది అక్కడి మర్యాద. దాన్ని పాటించనివారు ఒక్కరున్నా పదిమంది నిద్ర పోతుంది.

అన్ని షెల్టర్లూ ఒకలా ఉండవు. నార్త్ కరోలినాలోని ఫోంటానా డ్యామ్ దగ్గరి షెల్టర్‌కు సమీపంలో స్నానపు గదులు ఉండటం వల్ల హైకర్లు దాన్ని సరదాగా ఫోంటానా హిల్టన్ అంటారు. వర్జీనియాలోని పార్ట్‌నర్‌షిప్ షెల్టర్ పిజ్జా తెప్పించుకునే చోటుగా పేరు పొందింది. ఇంకోవైపు, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో షెల్టర్ ఇష్టాయిష్టాల విషయం కాదు, నియమం. అక్కడ అనుమతి పత్రం తీసుకుని షెల్టర్లలోనే ఉండాలి. అది నిండిపోతేనే త్రూహైకర్లు పక్కన టెంటు వేసుకోవచ్చు. త్రూహైకర్ల అనుమతికి 40 డాలర్లు, పార్కు దాటడానికి ఎనిమిది రోజుల గడువు. పార్కుకు ఇరువైపులా కనీసం 50 మైళ్ల అవతల మొదలుపెట్టి ముగించేవారికే ఆ అనుమతి వర్తిస్తుంది. ఒక ముక్క నడవడానికి వచ్చినవారు ఏ రాత్రి ఏ షెల్టర్‌లో ఉంటారో ముందుగానే రిజర్వ్ చేసుకోవాలి.

## టెంటు, హ్యామక్

ఎంత షెల్టర్ ప్రియులైనా టెంటు మోసుకుపోక తప్పదు, ఎందుకంటే చోటు దొరుకుతుందన్న హామీ లేదు. ఎలాగూ మోస్తున్నప్పుడు వాడుకోవడమే తెలివి. కిలో బరువున్న తేలికపాటి టెంటు ఒక మనిషికి గది ఇస్తుంది. జిప్పు వేస్తే ఎలుకలు, దోమలు, పక్కవారి దగ్గు బయటే ఉండిపోతాయి. నోరోవైరస్ వార్త వినబడిన వారంలో షెల్టర్‌కు నీళ్ల కోసం మాత్రమే వెళ్లి, కొంచెం దూరంలో టెంటు వేసుకోవడం అన్నిటికంటే క్షేమం.

ఇబ్బంది వానాకాలపు ఉదయాల్లో వస్తుంది. లోపలి ఊపిరి తేమ గుడ్డకు పట్టి, బయటి వానతో కలిసి టెంటు బరువు పెరుగుతుంది. రెండో రాత్రి అదే తడి టెంటు వేయాలి. మూడో రాత్రికి స్లీపింగ్ బ్యాగ్ కూడా చెమ్మగిల్లుతుంది. హాస్టల్ అవసరం పుట్టేది అక్కడే. టెంటు వేసే ముందు తల పైకెత్తి చూడాలి. ఎండిన కొమ్మలు, చచ్చిన చెట్లు విరిగిపడి ప్రాణాలు పోయిన సందర్భాలు ఈ దారిలో ఉన్నాయి.

హ్యామక్, అంటే రెండు చెట్ల మధ్య కట్టే ఊయల పడక, వాడేవారికి రాళ్ల నేలతో పని లేదు, వాలు నేల అయినా ఫరవాలేదు. పెన్సిల్వేనియా రాళ్ల మధ్య ఇది నిజంగా వరం. అయితే వీపు కింద గాలి ఆడుతుంది కనుక కింది వైపు వేరే క్విల్ట్, అంటే బొంత, కావాలి. దాంతో బరువు టెంటుతో సమానమవుతుంది. టెంటు ఎక్కడ పడితే అక్కడ వేయవచ్చనుకోవద్దు. నేషనల్ ఫారెస్టుల్లో చాలా చోట్ల స్వేచ్ఛ ఉంటుంది గానీ, న్యూజెర్సీ, కనెటికట్ వంటి రాష్ట్రాల్లో నిర్దేశించిన స్థలాల్లోనే బస చేయాలి, ఆ రెండు చోట్లా నెగడు కూడా నిషిద్ధం.

## హైకర్ హాస్టల్

హాస్టళ్లలో రకాలున్నాయి, ఆ తేడా తెలియకుండా వెళితే అసంతృప్తి తప్పదు. మొదటి రకం చర్చీలు నడిపేవి. పెన్సిల్వేనియాలోని డెలావేర్ వాటర్ గ్యాప్ ఊళ్లో ప్రెస్బిటేరియన్ చర్చి 1970ల నుంచి హైకర్లకు తన కింది అంతస్తులో చోటిస్తోంది. ఇలాంటి చోట్ల ధర ఉండదు, విరాళం పెట్టె ఉంటుంది. అవి చాలా రోజులుగా నడుస్తున్నవారి కోసం ఉద్దేశించినవి కనుక, ఎడిసన్ నుంచి కారులో వచ్చి అక్కడ పడక అడగడం మర్యాద కాదు. విరాళం అంటే ఉచితమని చదువుకునేవారి వల్లే ఇలాంటివి మూతపడతాయి. పక్క ఊరి హాస్టల్ ధరలో సగమైనా పెట్టెలో వేయాలని నేనంటాను.

రెండో రకం రోడ్డు క్రాసింగుల దగ్గర వ్యాపారంగా నడిచే బంక్‌హౌసులు, అంటే ఒకదానిపై ఒకటి మంచాలు (బంకులు) ఉన్న గదులు. స్ప్రింగర్ నుంచి 31 మైళ్ల దగ్గర నీల్ గ్యాప్‌లో ఉన్న మౌంటెన్ క్రాసింగ్స్ దీనికి మంచి ఉదాహరణ. 1930లలో కట్టిన ఆ రాతి భవనం మధ్య నుంచే ట్రయిల్ వెళుతుంది. ముందున్న చెట్టుకు పాత బూట్లు గుత్తులుగా వేలాడుతుంటాయి. లోపలి దుకాణంలో అనుభవజ్ఞులు మీ సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించి, అక్కర్లేనివి ఏరి, ఇంటికి పోస్టు చేయించే ఏర్పాటు ఉంది. కొత్తగా బయలుదేరినవారికి ఆ ఒక్క గంట పడక కంటే విలువైనది. మూడో రకం పొలాల్లో, పాత ఇళ్లలో యజమానుల కుటుంబం ఉంటూ నడిపేవి. వర్జీనియాలో పియరిస్‌బర్గ్‌కు దగ్గరి వుడ్స్ హోల్ ఈ కోవలోది. అందరూ కలిసి వండుకుని తినడం అక్కడి పద్ధతి. కబుర్లు ఇష్టమైనవారికి అంతకంటే మంచి చోటు ఉండదు. ఒంటరిగా మౌనంగా ఉండాలనుకునేవారికి అదే భారం.

అన్నింటిలోనూ క్రమం దాదాపు ఒకటే. బూట్లూ చేతికర్రలూ గుమ్మం బయటే వదలాలి. తెలుగిళ్లవాళ్లకు ఇది కొత్తగా నేర్పనక్కర్లేదు. స్నానానికి ముందు మంచం ఎక్కనివ్వరు. ఒంటి మీది బట్టలన్నీ బుట్టలో వేసి ఉతకడానికి ఇస్తే, అవి వచ్చేదాకా వేసుకోవడానికి ఓ పెట్టెలోంచి అరువు బట్టలు తీసుకోవాలి: ఎవరో వదిలేసిన పూల చొక్కా, నర్సుల పైజామా, మోకాళ్ల దాకా వేలాడే టీషర్టు. ఆ వేషాల్లో పది మంది ఒకే బల్ల చుట్టూ కూర్చుని పిజ్జా తింటుంటే, ఎవరు డాక్టరో ఎవరు వడ్రంగో చెప్పలేరు. మూలన హైకర్ బాక్స్ ఉంటుంది. ఎవరికి ఎక్కువైనవి వారు అందులో వదులుతారు, కావలసినవారు ఉచితంగా తీసుకోవచ్చు. నూడుల్సు, ఓట్సు, సగం వాడిన గ్యాస్ డబ్బాలు దొరుకుతాయి. పేరు రాయని జిప్ సంచుల్లోని తెల్ల పొడుల జోలికి మాత్రం వెళ్లకండి.

హాస్టల్‌లో అద్దం ఉన్న స్నానాల గది మరో కారణానికి ముఖ్యం. ఉత్తరాన, ముఖ్యంగా పెన్సిల్వేనియా నుంచి మసాచుసెట్స్ దాకా, లైమ్ వ్యాధి మోసుకొచ్చే చిన్న గోమార్ల లాంటి టిక్కులు విపరీతం. అవి పట్టుకుని సాధారణంగా ఒక రోజు దాటితేనే వ్యాధి ఎక్కుతుంది కాబట్టి వెలుతురులో ఒళ్లంతా వెతుక్కోవడం నిజమైన రక్షణ. అడవిలో ఆ పని సగమే జరుగుతుంది.

పడక ధర సాధారణంగా 30 నుంచి 60 డాలర్ల మధ్య, ఆవరణలో టెంటు వేసుకుంటే అందులో సగం. నా లెక్కలో అన్నిటికన్నా మంచి బేరం ఈ రెండోదే. స్నానం, ఉతుకు, వంటగది, కబుర్లు అన్నీ దక్కుతాయి, నిద్ర మాత్రం మీ సొంత గుడ్డ గదిలో. బంక్ గదిలో ఎనిమిది మంది ఉంటే కనీసం ఇద్దరు గురకపెడతారు, ఒకరు నాలుగింటికే సంచి సర్దుతారు. పై బంక్ మోకాళ్ల నొప్పులున్నవారికి శిక్షే. పరుపు మూలల్లో నల్లుల గుర్తులు చూసి గానీ సంచి దించకూడదు.

రెండు ఏర్పాట్ల గురించి జాగ్రత్తగా ఆలోచించాలి. ఒకటి స్లాక్‌ప్యాకింగ్: హాస్టల్ వ్యాను మిమ్మల్ని ముందు రోడ్డు దగ్గర దింపుతుంది, మీరు చిన్న సంచితో నడిచి సాయంత్రానికి అదే హాస్టల్‌కు చేరుకుంటారు. మడమ నొప్పి ఉన్నవారికి, పెద్ద వయసు వారికి ఇది దారిలో నిలబెట్టే ఉపాయం. దానికి ప్రతిఫలంగా ప్రతి స్లాక్‌ప్యాక్ మరో హాస్టల్ రాత్రిని కొనిపిస్తుంది. యజమానులకు అందులో లాభం ఉంది, తప్పేమీ లేదు, కానీ సలహా ఇచ్చేది వారేనని గుర్తుంచుకోవాలి.

రెండోది పని చేసి బస. గిన్నెలు తోమితేనో గడ్డి కోస్తేనో పడక ఉచితం. అమెరికా పౌరులకు ఇది సరదా ఏర్పాటు. ఎఫ్1, హెచ్1బి, బి2 వీసాల మీద ఉన్న మనవాళ్లకు కాదు. డబ్బు చేతికి రాకపోయినా, పనికి బదులుగా బస, భోజనం పొందడాన్ని అనుమతి లేని ఉద్యోగంగా పరిగణించే అవకాశం ఉంది. నలభై డాలర్ల పడక కోసం వీసాతో చెలగాటం వద్దు.

## మోటెల్

మోటెల్ గురించి చెప్పవలసింది కొద్దిగానే. గదికి 80 నుంచి 120 డాలర్లు అవుతుంది, ముగ్గురు నలుగురు పంచుకుంటే హాస్టల్ కంటే చవక. తలుపు మూసుకోవచ్చు, తడి టెంటును స్నానాల గది రాడ్డు మీద ఆరేయవచ్చు, హీటర్ ముందు బూట్లు పెట్టవచ్చు. అమెరికా మోటెళ్లలో పెద్ద వంతు భారతీయ సంతతి వారివి కనుక కౌంటర్ వెనక గుజరాతీ పెద్దాయన కనబడటం, ఎక్కడి నుంచి నడుస్తున్నావని విస్తుపోవడం అరుదేమీ కాదు. జ్వరం, వాంతులు ఉన్నవారు హాస్టల్‌కు కాకుండా మోటెల్‌కే వెళ్లాలి. ఇది సలహా కాదు, సాటివారి పట్ల బాధ్యత. కొరత ఏమిటంటే, దారి వార్తలు అక్కడ దొరకవు. ముందున్న వాగు పొంగిందా, ఏ షెల్టర్ దగ్గర ఎలుగు తిరుగుతోంది వంటివి హాస్టల్ వరండాలో తెలుస్తాయి.

## వైట్ మౌంటెన్స్ హట్లు

న్యూహ్యాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్ కొండల్లో లెక్క మారిపోతుంది. చెట్లు పెరగని ఎత్తుల్లో టెంటుకు చోటు తక్కువ, గాలి ఎక్కువ. అక్కడ అపలాచియన్ మౌంటెన్ క్లబ్ ఎనిమిది హట్లు, అంటే కొండల మీది బస ఇళ్లు, నడుపుతుంది. మొదటిది, మాడిసన్ స్ప్రింగ్ హట్, 1888 నాటిది. వేసవిలో రాత్రి భోజనం, ఉదయం ఫలహారం, పడక కలిపి మనిషికి 100 డాలర్లు దాటుతుంది, పైగా స్నానం ఉండదు. మౌంట్ వాషింగ్టన్ దగ్గరి లేక్స్ ఆఫ్ ది క్లౌడ్స్ వీటిలో పెద్దది, సుమారు 90 మందికి చోటుంది. త్రూహైకర్లలో ఒకరిద్దరికి పని చేసి భోజనాల గది నేల మీద పడుకునే వీలు ఇస్తారు గానీ, వీసా మాట పైన చెప్పిందే. నా దృష్టిలో త్రూహైకర్‌కు హట్ దండగ. జీవితంలో ఒక్కసారి ఆ శిఖరాల మీద రెండు రోజులు గడపాలనుకునే కుటుంబానికి మాత్రం తగిన ఖర్చు. అప్పుడు కూడా నెలల ముందే బుక్ చేసుకోవాలి.

## ఒక చూపులో

| బస | నిద్ర | తడి ఆరడం | రాత్రి ఖర్చు | ముందుగా బుకింగ్ |
|---|---|---|---|---|
| షెల్టర్ | తోడున్నవారిని బట్టి | ఆరదు | ఎక్కువ చోట్ల లేదు | గ్రేట్ స్మోకీ పార్కులో తప్ప అక్కర్లేదు |
| టెంటు, హ్యామక్ | బాగుంటుంది | వానలో ఇంకా తడుస్తుంది | ఎక్కువ చోట్ల లేదు | కొన్ని పార్కుల్లో అనుమతి |
| హాస్టల్ బంక్ | అంతంతమాత్రం | పూర్తిగా ఆరుతుంది | 30–60 డాలర్లు, ఊరి ఖర్చు అదనం | రద్దీ నెలల్లో ఒకటి రెండు రోజుల ముందు |
| హాస్టల్ ఆవరణలో టెంటు | బాగుంటుంది | బట్టలు ఆరతాయి | బంక్‌లో సగం | ఫోన్ చేస్తే చాలు |
| మోటెల్ | చాలా బాగుంటుంది | పూర్తిగా ఆరుతుంది | గదికి 80–120 డాలర్లు | వారాంతాల్లో అవసరం |
| హట్ | ఫరవాలేదు | కొంత | 100 డాలర్ల పైన | నెలల ముందు |

## ఎవరికి ఏది

మొత్తం దారి నడిచేవారు నాలుగైదు రాత్రులు టెంటులో, ఆపై ఒక రాత్రి హాస్టల్ ఆవరణలో గడిపే పద్ధతి పెట్టుకుంటే ఒంటికీ జేబుకూ రెండింటికీ సరిపోతుంది. ఊళ్లోకి సాయంత్రం చేరి మర్నాడు మధ్యాహ్నం దాటకుండా బయలుదేరడం అలవాటు చేసుకోవాలి. ఉదయాన్నే చేరి మర్నాడు పొద్దున్న వెళితే రెండు రోజుల భోజనం ఊళ్లోనే అయిపోతుంది. తొలి నెలలో హాస్టళ్లకు కొంచెం ఎక్కువగా వెళ్లినా తప్పు లేదు, కాళ్లు అలవాటు పడే కాలం అది. వర్జీనియా దాటాక కూడా ప్రతి రోడ్డు దగ్గరా ఊళ్లోకి దిగుతుంటే డబ్బు మెయిన్ దాకా రాదు. భారత్ నుంచి బి2 వీసాపై వచ్చేవారికి మామూలుగా ఆరు నెలల గడువే ఇస్తారు కనుక, వారికి జీరోల విషయంలో ఇంకా గట్టి లెక్క ఉండాలి.

రెండు వారాల సెలవుతో ఒక ముక్క నడిచే ఉద్యోగులకు నా సలహా దాదాపు దీనికి వ్యతిరేకం. వారికి డబ్బు కంటే సమయం తక్కువ. మొదటి రాత్రి దారి మొదట్లోని హాస్టల్‌లో పడుకుని, కారు అక్కడే వదిలి, షటిల్‌లో అవతలి చివరకు వెళ్లి కారు వైపు నడుచుకుంటూ రావడం మంచి ఏర్పాటు. ఆఖరి రోజు షటిల్ కోసం రోడ్డు పక్కన ఎదురుచూసే పని ఉండదు. మధ్యలో ఒక్క హాస్టల్ రాత్రి చాలు.

వారాంతపు నడకలకు యాష్‌బర్న్ వైపు వారు బ్లూమాంట్ దగ్గరి బేర్స్ డెన్ వంటి రాతి భవనపు హాస్టల్‌ను ఆధారంగా చేసుకోవచ్చు. ఆ పరిసరాల్లో రోలర్ కోస్టర్ అని పేరుపడిన పదమూడున్నర మైళ్ల ఎగుడుదిగుడు దారి ఉంది, పొడవు నడకలకు మోకాళ్లు సిద్ధమా కాదా అన్నది అది ఒక్క రోజులో తేలుస్తుంది. ఏ హాస్టల్‌కైనా వెళ్లే ముందు ఫోన్ చేయండి. ఇవి చేతులు మారడం, మూతపడటం మామూలు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వరదలు హాట్ స్ప్రింగ్స్, ఎర్విన్, డమాస్కస్ ఊళ్లను దెబ్బతీశాయి, కనుక ఆ ప్రాంతం గురించి అంతకు ముందు అచ్చయిన గైడ్లను నమ్ముకోకూడదు.

ఒంటరిగా నడిచే స్త్రీలు రోడ్డుకు మైలు లోపున్న షెల్టర్లను, ముఖ్యంగా శుక్ర, శనివారాల్లో, దాటి వెళ్లడం మంచిది. తాగడానికి కారుల్లో వచ్చే స్థానిక గుంపులు చేరేది అలాంటి చోట్లే. లోపలి షెల్టర్ల దగ్గర నడిచేవారే ఉంటారు, అక్కడ నలుగురి మధ్య టెంటు వేసుకోవడం ఒంటరిగా ఎక్కడో వేసుకోవడం కన్నా నిశ్చింత. హాస్టళ్లలో బంక్ గదులు చాలావరకు స్త్రీ పురుషులకు కలిపే ఉంటాయి. వేరే గది కావాలంటే ఫోన్‌లోనే అడగాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవారు షెల్టర్, బంక్ రెండూ మరిచిపోవాలి. ప్రైవేటు గది ఉన్న హాస్టల్ గానీ మోటెల్ గానీ తీసుకుని, వెస్ట్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ లాంటి చోట నదుల పక్కన గంట నడకతో సరిపెట్టడం అందరికీ సుఖం.

శాకాహారులకు హాస్టల్ వంటగది పెద్ద ఆసరా. దారి పక్క ఊళ్ల హోటళ్లలో చీజ్ పిజ్జా, పాన్‌కేకులు తప్ప పెద్దగా దొరకవు. అటుకులు, కందిపొడి, నిమ్మకాయ పులిహోర పొడి, కొంచెం ఎండు కొబ్బరి పెట్టి ఇంటి నుంచి హాస్టల్‌కు ముందుగా పార్శిల్ పంపితే వారు దాచి ఉంచుతారు. కొందరు దీనికి చిన్న రుసుము తీసుకుంటారు, బస చేసేవారికి మాఫీ చేస్తారు. అటుకులు వేడినీళ్లలో ఐదు నిమిషాల్లో తయారవుతాయి, గ్యాస్ ఖర్చు కాదు, నూడుల్స్ కంటే కడుపు నిలబడుతుంది. ఆవకాయ తెచ్చుకునేవారు సీసాలో కాక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చుకుని, దాన్ని కూడా రాత్రి ఎలుగుబంటి పెట్టెలోనే పెట్టాలి. ఆ వాసన మనకెంత ఇష్టమో ఎలుగుకూ అంతే.

దారి చివర్లో ఎంపిక చేసుకునే అవకాశం తగ్గిపోతుంది. మెయిన్‌లోని మాన్సన్ తర్వాత హండ్రెడ్ మైల్ వైల్డర్‌నెస్ మొదలవుతుంది, దాన్ని దాటేదాకా ఊరు లేదు. మాన్సన్‌లో 1977 నుంచి హైకర్లకు బస ఇస్తున్న షాస్ హాస్టల్ ఆ అడవి మధ్యలోకి తిండి బకెట్ చేర్చే ఏర్పాటు చేస్తుంది. దానికి డబ్బు పెడితే పది రోజుల తిండి బదులు ఐదు రోజులదే వీపు మీద ఉంటుంది, ఇది పెట్టదగిన ఖర్చే. ఆ తర్వాత కటాడిన్ శిఖరం ఉన్న బ్యాక్స్టర్ స్టేట్ పార్కులో ఉత్తరం వైపు నడిచి వచ్చినవారి కోసం కేటాయించిన బర్చెస్ బసలో 12 మందికే చోటు. ముందు పేరు రాసుకున్నవారికే అది దక్కుతుంది కాబట్టి, పార్కు బయటి అబోల్ బ్రిడ్జి దగ్గరి నమోదు పట్టికను చూసి, అది నిండి ఉంటే ఆ రాత్రి అక్కడే ఆగి మర్నాడు తెల్లవారుతూనే రాసుకోవాలి. పార్కులో రాత్రి బసలు అక్టోబరులో ముగుస్తాయి. సెప్టెంబరు మొదటి వారానికి ఇంకా న్యూహ్యాంప్‌షైర్‌లోనే ఉన్నవారు అక్కడి నుంచి హాస్టల్ రాత్రులను కోసుకుంటూ రావాలి.